ఒక్క దినం వస్తే చాలన్నాను

చిక్కబళ్ళాపురం జిల్లాలో రాజకీయ నాయకులు రకరకాలుగా ఓడిపోయారు. సొంత బావమరిది వల్ల ఓడినవాళ్ళున్నారు. ప్రచారం చివరి రోజు నోరు జారి ఓడినవాళ్ళున్నారు. పట్టుపురుగుల చేతిలో ఓడినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. అది కూడా ఎన్నికలు రాకముందే, నామినేషన్ వేయకముందే, మెడలో ఒక్క పూలదండ పడకముందే ఓడిపోయాను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్ళు నవ్వుకోవచ్చు. మా నాన్న అప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నాడు, నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్ళు. బి.కాం. అయింది. బ్యాంకు పరీక్షలు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ బ్యాంకులు నేను లేకుండానే నడుపుకుంటామన్నాయి. చింతామణి బజారులో మాకు తాళ్ళంగడి ఉంది. తాళ్ళు, నులక, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్ముతాం. చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఆవు మెడలో చూసినా మా తాడే ఉంటుంది. నాన్న నన్ను అంగట్లో కూర్చోమనేవాడు. నాకేమో గోనెసంచుల దుమ్ముకు తుమ్ములు. తుమ్ములు రాని పని ఏముందా అని ఊరంతా చూస్తే, రాజకీయం ఒక్కటే కనబడింది.

పార్టీ పేరు చెప్పను. చెప్పినా తేడా ఏమీ ఉండదు, ఆ ఏడాది అన్ని పార్టీలూ మనుషుల కోసమే వెతుకుతున్నాయి. ఓట్ల సంగతి తర్వాత. ముందు ఓట్లు అడగడానికి మనుషులు కావాలి. ఆ మనుషులను అడగడానికి ఇంకొందరు మనుషులు కావాలి. ఆ ఇంకొందరిలో నేనొకణ్ణి.

పార్టీ తాలూకా ఆఫీసు ఒక మొబైల్ రిపేరు అంగడి పైన ఉండేది. మనుషులను చేర్చే పనంతా నాగభూషణప్పది. యాభై ఐదేళ్ళ మనిషి, తెల్ల పంచె, భుజం మీద టవలు, ముఖంలో ఎప్పుడూ ఎవరో బస్సు తప్పిపోయినట్టుండే దిగులు. ఆయనే నాకు పాఠం చెప్పాడు.

"చూడప్పా మురళీ, బూత్‌కి ఇరవై మంది కార్యకర్తలు కావల్ల. ఇరవై పేర్లు కాదు, ఇరవై మంది మనుషులు. ఫోటో తీసి యాప్‌లో ఎక్కించల్ల. పోయినసారి ఒకడు సచ్చిపోయినోళ్ళను ఎక్కించినాడు."

"వాళ్ళయితే ఎదురు చెప్పరు గదా సార్" అన్నాను తెలివిగా.

ఆయన నవ్వలేదు. మూడు వేళ్ళు చూపించాడు.

"ఒకటి. ఓటు అడగొద్దు, మనిషిని అడుగు. ‘ఒక్క దినం వస్తే చాలు’ అను. బతుకంతా రమ్మంటే జనం భయపడతారు, ఒక దినానికి ఎవరూ భయపడరు. రెండు. వాళ్ళు ఏం పెట్టినా తిను. మూడు. వాళ్ళు ఏం అడిగినా సరే అను."

"బోరు వేయించమంటే?"

"సరే అను."

"రోడ్డు?"

"సరే అను. చేసేది పైనోళ్ళు. సరే అనేది మనం. కాదు అనే మాట మన పార్టీలోనే లేదు."

ఆ మూడో వేలే నన్ను ముంచింది. కానీ ఆ రోజు నాకు ఆ వేలు చాలా అందంగా కనబడింది. ఎందుకంటే వెంటనే ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఒక బూత్ నింపి, చిక్కబళ్ళాపురంలో జిల్లా సమావేశానికి వాళ్ళందర్నీ పిలుచుకోనొస్తే నిన్ను తాలూకా యువ కార్యదర్శిని చేస్తా. స్టేజీ మీద పేరు పిలిపిస్తా."

మెట్లు దిగేలోపల ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రానికి ఫ్లెక్స్ అచ్చుకు ఇచ్చాను. నేను చేతులు జోడించి నిలబడి ఉంటాను, కింద ‘తాలూకా యువ కార్యదర్శి’ అని ఉంటుంది. పదవి ఇంకా రాలేదు కదా అని అచ్చువేసేవాడు అడిగితే, వస్తుందిలే, నువ్వు రంగు బాగా పట్టించు అన్నాను.

నాన్న ఫ్లెక్స్ వైపు చాలాసేపు చూశాడు. "సమావేశం లోపల ఇది నిజమైతే నీ దావ నీది. నేను ఒక్క మాట అనను. కాలేదంటే మరుసటి దినం పొద్దున తొమ్మిదికి అంగట్లో కూర్చోవల్ల. తుమ్ములొస్తే మూతికి గుడ్డ కట్టుకో."

"సరే" అన్నాను. అప్పటికే ఆ మాట బాగా అలవాటవుతోంది.

నాకు అప్పగించిన ఊరు మురుగమల్ల దారిలో ఉంది. పేరు చెప్పను. చెబితే వాళ్ళకు నేను గుర్తొస్తాను, గుర్తొస్తే పిలుస్తారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, బండి మీద మూడు రోజులు తిరిగాను. మూడు రోజుల్లో ఒక్కరు కూడా చేరలేదు. ఒక అరుగు మీద మునివెంకటప్ప అనే పెద్దాయన కూర్చుని ఉండేవాడు. టమాటా రైతు. నన్ను రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"యా పార్టీ అప్పా?"

"ఈ పార్టీ తాతా" అని జెండా చూపించేవాణ్ణి.

"పోయినసారి వచ్చినోడూ ఈ జెండానే చూపించినాడు. ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?"

"అవతలి పార్టీలో ఉన్నాడు."

"నువ్వెప్పుడు పోతాండావు?"

నాలుగో రోజు రత్నమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. మొగుడు మల్బరీ తోట చూసుకుంటాడు, పట్టుపురుగుల షెడ్డు ఈమెది. లోపల వెదురు తట్టల్లో పురుగులు ఒక్కటీ కదలడం లేదు. నేను గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, మన పార్టీకి..."

"మెల్లగా మాట్లాడప్పా. పురుగులు జ్వరంలో ఉండాయి."

డాక్టరును పిలవమంటుందేమో అనుకున్నాను. పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు ప్రతిసారీ మేత మాని కదలకుండా పడుకుంటుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. ఈ సంగతి చింతామణిలో పుట్టి, పెరిగి, డిగ్రీ చదివి, ఇరవై ఐదేళ్ళకు తెలుసుకున్నవాణ్ణి నేనే అయ్యుంటాను.

సరే, గుసగుసగా అడిగాను. మీరెప్పుడైనా ఎవర్నైనా పార్టీలో చేరమని గుసగుసగా అడిగారా? కోడిని దొంగిలించడానికి తోడు పిలుస్తున్నట్టుంటుంది.

"ఏం చేయల్ల?" అంది ఆమె.

"ఒక్క దినం వస్తే చాలమ్మా. ఊర్లో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని సభ్యులుగా చేర్పించల్ల. అంతే."

"ఒక దినం. మరి నువ్వు మాకాడికి ఒక దినం వస్తావా?"

భోజనానికి పిలుస్తోందనుకున్నాను. నాగభూషణప్ప రెండో వేలూ మూడో వేలూ ఒకేసారి కళ్ళముందు కదిలాయి.

"సరే అమ్మా. తప్పకుండా వస్తాను."

"మాట మాటే గదా?"

"మాట మాటే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. చేతులు చూపించమంది. చూపించాను. అరచేతుల మీద బొటనవేలితో ఒకసారి ఒత్తి చూసి, "మెత్తగా ఉండాయి. పర్వాలేదు, పురుగుకు మంచిదే" అంది.

ఇక్కడ నాకు అనుమానం రావాలి. రాలేదు. బి.కాం.లో అది నేర్పరు.

రత్నమ్మ బయటికి వచ్చి అరుగు వైపు చూసి పిలిచింది. "ఓ మునెంకటప్పా! ఈ తాళ్ళంగడి మురళప్ప మనకు ఒక దినం వస్తాడంట. మనం ఒక దినం పోతే చాలంట."

మూడు రోజులు నన్ను ఈగను చూసినట్టు చూసిన మునివెంకటప్ప లేచి నిలబడ్డాడు. "మాకాడికీ వస్తావా?"

"సరే తాతా."

ఇంకో ఇంట్లోంచి ఇంకొకరు వచ్చారు. "మాకు?" "సరే." ఆవులు మేత నుంచి తిరిగి వచ్చేసరికి ఇరవై రెండు మంది ఫోటోలు యాప్‌లో ఎక్కాయి. ఇరవై రెండు ఇళ్ళలో భోజనాలు! ఎంత మంచి జనమో అని బండి మీద వస్తూ కళ్ళు తుడుచుకున్నాను. సగం దుమ్ము, సగం నిజంగానే ఆనందం.

నాగభూషణప్పకు ఫోన్ చేసి చెప్పాను. "ఇరవై రెండా? ఒక దినంలోనా? ఎవర్నీ కొట్టలేదు గదా?"

చేర్పించే రోజు పొద్దున ఏడుకు నేను వెళ్ళేసరికే అందరూ నిలబడి ఉన్నారు. నేను అరగంట ప్రసంగం తయారుచేసుకుని వెళ్ళాను. "మాటలు తర్వాత చెప్దువుగానీ, పని చూపించప్పా" అంది రత్నమ్మ. వీధులను వేరుశనగ సాళ్ళలాగా పంచుకున్నారు. ఒక్కో జట్టు ఒక్కో సాలు. వెనక పడినవాళ్ళను ముందున్నవాళ్ళు కేకేసి పిలిచారు. ఒక్క ఇల్లు వదల్లేదు. మధ్యాహ్నం నేను బిస్కెట్ పొట్లాలు పంచాను. మునివెంకటప్ప బిస్కెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పనికి ముందర తినేది గదా అప్పా. పని మధ్యలో తినేది యాడ?"

మురుగమల్లకు పరుగెత్తి హోటల్లో ఉన్న అన్నమంతా తెచ్చాను. పొద్దు వాలగానే అందరూ ఒకేసారి చేతులు దులుపుకున్నారు. "మా దినం అయిపోయింది" అని చెప్పి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఎంత క్రమశిక్షణ అనుకున్నాను. ఆ వాక్యంలో ‘మా’ అనే అక్షరాన్ని వాళ్ళు కొంచెం ఒత్తి పలికారని తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోన్.

"మురళప్పా, నేను మునెంకటప్పను. టమాటా ఉండాది, రా."

"తీసుకోనొచ్చేదానికా తాతా?"

"కోసేదానికి."

నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. అంగడి తలుపులు తీస్తున్న నాన్న నా ముఖం చూసి అడిగాడు. "ఏమైందిరా?"

చెప్పాను. నాన్న చేతిలో తాళం అట్లాగే ఆగిపోయింది.

"వాళ్ళతో ముయ్యి పెట్టుకున్నావా?"

ముయ్యి అంటే మా పల్లెల్లో చేతికి చేయి బదులు. ఈరోజు నువ్వు నా చేనికి వస్తే, రేపు నేను నీ చేనికి వస్తాను. కూలి లేదు, కాగితం లేదు. మాట ఉంటుంది, మధ్యాహ్నం సంగటి ఉంటుంది. అంతే. ఆ ఊర్లో ఊరికే వచ్చి పని చేసేవాడు అనే మనిషే లేడు. పార్టీ వాలంటీర్ అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నేను అడిగినదాన్ని వాళ్ళు తమకు తెలిసిన పద్ధతిలో అర్థం చేసుకున్నారు. నేను అన్నదాన్ని కూడా.

"ఎంతమందితో?" అన్నాడు నాన్న.

"ఇరవై రెండు మందితో."

నాన్న గోనెసంచి మీద కూర్చున్నాడు. నవ్వడం అప్పుడు మొదలుపెట్టాడు.

"నేను పోను నాన్నా. నేను పార్టీ మనిషిని, నాకేం పని?"

నవ్వు ఆగింది. "పోవల్ల. నువ్వు పార్టీ పేరు మీద సరే అన్నావు. వాళ్ళు తాళ్ళంగడి పేరు మీద నమ్మినారు. నువ్వు ఎగ్గొడితే రేపు ఆ ఊర్లో నేను ముఖం ఎట్లా చూపించల్ల? టమాటాకు తెల్ల చొక్కా వద్దు, విప్పి పో."

వెళ్ళాను. టమాటా కోశాను. సాయంత్రానికి నా నడుము నాది కాకుండా పోయింది. మర్నాడు ఒకరింట్లో వేరుశనగ పీకాను. ఆ మర్నాడు పేడ మోశాను. ఒకాయన తన ఇంటి పైకప్పుకు నాచేత రేకులు ఎక్కించాడు. ఇంకొకాయనకు ఆ రోజు పనేమీ లేదు. అయినా నా దినం వృథా కాకూడదని మేకలను నాకు అప్పగించి మురుగమల్ల దర్గాకు వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చాడు. మేకలు నాకు ఏ పార్టీలోనూ కనబడనంత స్వతంత్రంగా ప్రవర్తించాయి.

ఇంత కష్టమూ ఊరికే పోకూడదని రోజూ ఒక ఫోటో తీసి పార్టీ గ్రూపులో పెట్టేవాణ్ణి. బురదలో నేను. బుట్ట కింద నేను. మేక వెనక నేను. కింద ‘జనంతో మమేకం’ అని రాసేవాణ్ణి. పదమూడో రోజు నాగభూషణప్ప ఫోన్ చేశాడు.

"మురళీ! బెంగళూరునుంచి పెద్దాయన నీ ఫోటోలు చూసినాడంట. మట్టిలో దిగిన కార్యకర్త అంటే ఇట్లుండల్ల అన్నాడంట. సమావేశంలో నీ బూత్‌ను లేపి నిలబెట్టి జిల్లాకంతా చూపిస్తాడంట. మొదటి రెండు వరసలూ మీకే. ఇరవై రెండు మందీ రావల్లప్పా, ఒక్కరు తక్కువైనా నా మానం పోతాది."

మళ్ళీ రత్నమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అది ఇంగో దినం గదా" అంది ఆమె.

"అవునమ్మా."

"అట్లయితే నువ్వు కూడా అందరికీ ఇంగో దినం రావల్ల."

"సరే" అన్నాను. ఇంక దాన్ని ఆపే శక్తి నాకు లేదు, ఎక్కిళ్ళలాగా వస్తోంది.

"నాకు రావల్సిన మొదటి దినమే ఇంగా ఉండాది. పురుగు పండే దినం పిలుస్తా. ఆ పొద్దు మాత్రం తప్పించొద్దప్పా. పోయిన పంట సున్నపు రోగం పట్టి మొత్తం పోయింది, తట్టలతో సహా బయట పారేస్తిమి. ఈ పంట కూడా పోతే చంద్రికలు అమ్మేసి మేమిద్దరం కూలికి పోవల్సిందే."

చంద్రికలంటే పండిన పురుగులను ఏరి వేసే వెదురు చాపలు. వాటిమీదే పురుగు గూడు కడుతుంది. ఎప్పుడు పండుతాయని అడిగాను. సమావేశం అయిన మరుసటి దినం అని చెప్పింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సమావేశం రోజు ఎండ పొద్దున్నుంచే మండిపోతోంది. బజారులో నా ఫ్లెక్స్ కట్టారు. దాని ముందు నుంచే పార్టీ బస్సు ఎక్కాను. దారిలో రెండు ఊళ్ళలో ముప్పై ఒక్క మంది కార్యకర్తలను ఎక్కించుకున్నాం. వాళ్ళను వేరేవాళ్ళు చేర్చారు. జెండాలు కిటికీల్లోంచి ఎగురుతున్నాయి. తొమ్మిదిన్నరకు రత్నమ్మ ఊరికి చేరాం. ఊరు ముందు ఒక్క మనిషి లేడు. అరుగు మీద మునివెంకటప్ప కూడా లేడు.

షెడ్డుకు పరుగెత్తాను. ఇరవై ఒక్క మందీ, రత్నమ్మతో కలిపి ఇరవై రెండు, తట్టల ముందు కూర్చుని ఉన్నారు. పురుగులు మేత మానేసి తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. ఒళ్ళు పసుపు తిరిగి, నంది కొండల కింద పండే ద్రాక్షను ఎండకు పెట్టి చూసినట్టు లోపలిదంతా కనబడుతోంది.

"ఎండకు ఒక దినం ముందే పండినాయప్పా" అంది రత్నమ్మ తలెత్తకుండా.

"అమ్మా, బస్సొచ్చింది."

"చూస్తిని. పురుగుకు చెప్పు."

"ఎంతసేపు పడుతుంది?"

"చేతులెన్నుంటే అంత తొందర. మధ్యాహ్నం దాటితే ఆకుల్లోనే గూడు కట్టుకుంటాయి. ఆ గూడు మార్కెట్లో ఎవరూ ముట్టరు."

సగం తట్టల ముందు మనుషులు లేరు. ఆమె నన్ను రమ్మనలేదు. మాట మాటే అని గుర్తు చేయలేదు. నా చేతులవైపు ఒక్కసారి చూసి మళ్ళీ పనిలో పడింది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఆమె కోసం కొంత, నా కోసం ఎక్కువ. ఇటు ఆమె పంట, అటు నా పదవి, మధ్యలో నాగభూషణప్ప ఫోన్.

"యాడుండారు? పెద్దాయన బయల్దేరినాడు!"

"ఒక్క గంట సార్" అన్నాను.

అప్పుడే నా జీవితంలో మొదటిసారి, చివరిసారి, ఒక నాయకుడి బుర్రతో ఆలోచించాను. బస్సులో ముప్పై ఒక్క మంది ఊరికే కూర్చుని ఉన్నారు. అందర్నీ దింపితే గంటలో పని అయిపోతుంది. పన్నెండుకల్లా చిక్కబళ్ళాపురం. పంటా నిలుస్తుంది, పదవీ నిలుస్తుంది. బస్సు మెట్టు మీద నిలబడి చెయ్యెత్తాను.

"సోదరులారా! మన పార్టీ ఆశయం ఏమంటే..."

"పురుగు పండిందా?" అన్నాడు ముందు సీటాయన, కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ.

"పండింది."

బస్సు ఖాళీ అయింది. అందరూ రేష్మె ఇళ్ళవాళ్ళే, పట్టుపురుగులు పెంచి బతికేవాళ్ళే. పండిన పురుగును చూసి కూర్చోలేకపోయారు. డ్రైవరు కూడా ఇంజను ఆపి, చేతులు కడుక్కుని వచ్చాడు. జెండాలు మాత్రం సీట్ల మీద కూర్చున్నాయి.

నేను లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ప్రతి ఒక్కరూ నన్ను అడిగారు.

"మరి మాకాడికి ఒక దినం వస్తావా?"

రత్నమ్మ వైపు చూశాను. "పిలిచినోడే తీర్చల్లప్పా ముయ్యి" అంది.

ముప్పై ఒక్కసార్లు సరే అన్నాను. డ్రైవరుతో ముప్పై రెండు.

తెల్ల చొక్కా విప్పి నేనూ కూర్చున్నాను. పండిన పురుగు అరచేతిలో చల్లగా, మెత్తగా ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే చస్తుంది, వదులుగా పట్టుకుంటే పాకిపోతుంది. నా మెత్తటి చేతులు లోకంలో పనికొచ్చిన ఒకే ఒక్క సందర్భం అది. అప్పుడే గుమ్మంలో జీపు ఆగింది.

"మురళీ!" నాగభూషణప్ప అరుపుకు తట్టలు అదిరాయి.

"మెల్లగా మాట్లాడప్పా" అన్నారు యాభై మంది ఒకేసారి.

ఆయన లోపలికి వచ్చాడు. నన్ను చూశాడు. చొక్కా లేని డ్రైవరును చూశాడు. తర్వాత మూలన ఎవరూ ముట్టని తట్టను చూశాడు. ఆయన కూడా రేష్మె రైతు కొడుకేనని నాకు అప్పటిదాకా తెలియదు. పంచె ఎగగట్టి ఆ తట్ట ముందు కూర్చున్నాడు. కూర్చుని నన్ను గుసగుసగా తిట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో మాటకు ఒక్కో పురుగు చంద్రిక మీదికి చేరింది.

"నువ్వు... పార్టీని... నట్టేట్లో... ముంచితివి... గదరా..."

పంట నిలిచింది. పన్నెండున్నరకు చివరి పురుగు ఎక్కింది. రత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చంద్రికలవైపు చూస్తూ నిలబడింది. పదండి పదండి అని నేను చప్పట్లు కొట్టాను. ఎవరూ కదల్లేదు. ముయ్యికి వచ్చినవాళ్ళు సంగటి తినకుండా గడప దాటితే ఆ ఇంటికి అవమానం. యాభై ఐదు మందికి సంగటి కెలకాలి. కెలికారు. తిన్నాం. నాగభూషణప్ప రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

చిక్కబళ్ళాపురం చేరేసరికి నాలుగు దాటింది. షామియానా విప్పుతున్నారు. అక్కడ జరిగింది తర్వాత విన్నాను. పెద్దాయన మైకు పట్టుకుని, "మట్టిలో దిగిన ఆ బూత్ కార్యకర్తలు లేచి నిలబడల్ల!" అన్నాడట. ముందు రెండు వరసలు ఖాళీ. షామియానా కట్టేవాడొకడు పని అయిపోయి ఆ ఖాళీ కుర్చీల్లో కునుకు తీస్తున్నాడు. చప్పట్లకు ఉలిక్కిపడి లేచాడు. పెద్దాయన చేతిలో దండ సిద్ధంగా ఉంది, ఎవరికో ఒకరికి వేయాలి. వేశాడు. అతనే మా తాలూకా యువ కార్యదర్శి అయ్యాడు. పనిమంతుడని పేరు తెచ్చుకున్నాడు కూడా.

తిరుగు ప్రయాణంలో జీపు దిగుతూ నాగభూషణప్ప నా భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్చబోతున్నాడనుకున్నాను.

"నేను కూడా ఒక దినం చేస్తిని గదప్పా" అన్నాడు. "మల్బరీ కొట్టేదానికి వచ్చే సోమవారం రా."

మర్నాడు తొమ్మిదికి అంగట్లో కూర్చున్నాను, మూతికి గుడ్డతో. నాన్న తిట్టలేదు, నవ్వాడంతే. నా ఫ్లెక్స్ విప్పించి వాన పడకుండా గోనెసంచుల మీద కప్పాడు. మంచి రంగు, ఎన్ని వానలకూ పోలేదు. అంగడికి వచ్చేవాళ్ళందరికీ నేను రెండుసార్లు కనబడేవాణ్ణి. గల్లా దగ్గర గుడ్డ కట్టుకుని, సంచుల మీద చేతులు జోడించి.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఒక రోజు రత్నమ్మ అంగడికి వచ్చి చంద్రికలు కట్టడానికి తాడు అడిగింది. గూళ్ళు బాగా అమ్ముడుపోయాయట, షెడ్డు పొడిగిస్తోందట. తాడు చుట్ట చంకలో పెట్టుకుని అంది.

"నేను పంచాయితీకి నిలబడతాండా. ఒక దినం వస్తావా?"

"సరే" అంది నా నోరు.

వెళ్ళి చూస్తే ఊరంతా అక్కడే ఉంది. యాప్ లేదు, ఫోటో లేదు, జెండా లేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె ఏ ఇంటికి దినం పోయిందో ఆ ఇళ్ళన్నీ తలా ఒక దినం తిరిగి వచ్చాయి. చీటీలు పంచే వరసలో నా ముందు టవలు వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. నాగభూషణప్ప. నన్ను చూసి ముఖం తిప్పుకోబోయి, మళ్ళీ తిప్పుకోలేదు.

"పోయిన నెల ఈయమ్మ మా తోటకు ఒక దినం వచ్చిందప్పా" అన్నాడు గుసగుసగా. "ఇరవై ఏండ్లుగా జనాన్ని ఎట్లా చేర్చుకోవల్లని అందరికీ పాఠం చెప్తాండా. ఈయమ్మ నన్నే చేర్చుకుండాది."

రత్నమ్మ గెలిచింది. ఓడినవాడు కూడా ఆమెకే ఓటు వేశాడని ఊర్లో చెప్పుకుంటారు, అతని తట్టలు కూడా ఆమె ఎప్పుడో ఏరిపెట్టిందట. గెలిచిన రోజు ఆమె నా చేతులు మళ్ళీ చూపించమంది. బొటనవేలితో ఒత్తి, బాధగా తల ఊపింది. "గట్టిపడిపోయినాయి గదప్పా. ఇంగ పురుగుకు పనికిరావు. పేడకు పెట్టుకుందాం."

కాబట్టి పాఠకులందరి సాక్షిగా, మా అంగట్లోని అతి లావు తాడును రెండు చేతులా పట్టుకుని, తూర్పు ముఖంగా నిలబడి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా బొందిలో ప్రాణముండగా ఏ పార్టీ పిలిచినా, ఏ జెండా కనబడినా, ఎవరు ఏ దారిలో ఎదురుపడి ‘ఒక్క దినం వస్తే చాలు’ అన్నా, నా నోటి నుంచి సరే అనే మాట రాదు. ఈ ప్రతిజ్ఞ ఎల్లుండి నుంచి అమల్లోకి వస్తుంది.

రేపు కుదరదు. రత్నమ్మ పురుగులు పండుతున్నాయి.